పెద్ద తెర ఫోనూ, నా మాటా

"ఎంత ముట్టిందే నీకు?" అంది కసిమీరా, నా గ్లాసులో వేడి వేడి అపి పోస్తూ.

కొండల నెత్తినున్న మా ఊరు ఎల్ ఆల్తో చలికి పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఆ ఊదారంగు మొక్కజొన్న జావ ఒక గుక్క తాగి ప్రాణం నిలబెట్టుకుందామని వెళ్ళాను. కసిమీరా పరాయిది కాదు. సంతలో మా అమ్మల బుట్టల పక్కన ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగినవాళ్ళం.

"ముట్టడమేంటి?" అన్నాను.

"ఆ పళ్ళెమంత ఫోను మంచిదని చెప్పినందుకు. లింబర్ట్ చెప్పాడుగా నిన్న. దాన్ని పొగిడినవాళ్ళ చేతులు తడిశాయంట."

పక్కన నిలబడి తాగుతున్న మినీబస్సు డ్రైవరు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకి నా ఒళ్ళు మండింది. గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశాను.

నా పేరు జెనోబియా తికోనా. 'జూలై పదహారు' అని పేరున్న మా ఊరి సంతలో ఫోన్లకి కవర్లూ, గాజు తొడుగులూ అమ్మే కొట్టు నాది. కొత్త ఫోన్లు వస్తే వాటి మీద వీడియోలు కూడా చేస్తాను. కుచ్చుల పావడా పొలెరా కట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, సగం మా ఐమారా భాషలో, సగం స్పానిష్‌లో మాట్లాడతాను. చూసేది సంతలో ఆడవాళ్ళు, డ్రైవర్లు, కొండ మీద లామా మందలు కాసుకునే ముసలమ్మలు. కంపెనీవాళ్ళు ఫోను పంపిస్తే నాతోపాటు సంతకి తిప్పుతాను. ధూళిలో పెడతాను, ఎండలో పెడతాను, ఉన్ని గ్లౌజులతో నొక్కి చూస్తాను. అప్పుడు గానీ నోరు విప్పను. చెప్పాల్సింది చెప్పాక ఫోను తిరిగి పంపేస్తాను. మా అమ్మ బంగాళాదుంపలు అమ్మేది. మంచివాటిలో పుచ్చువి కలిపి అమ్మిన చెయ్యి పుచ్చిపోతుందనేది. నాకు ఆవిడ ఇచ్చిన ఆస్తి ఆ ఒక్క మాటే.

లింబర్ట్ అరువిరి సంగతి వేరు. కుర్రాడు, చురుకైనవాడు, నోట్లో నువ్వుగింజ నానదు. ఫోను డబ్బా విప్పిన రోజే 'తొలి చూపు' అని వీడియో పెట్టేస్తాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. దేశమంతా వాణ్ణే చూస్తుంది, ఎందుకంటే అందరికంటే ముందు చెప్పేది వాడే.

ఈసారి వచ్చిన ఫోను వారా మాక్స్. తెర ఎంత పెద్దదంటే కసిమీరా పళ్ళెం అన్నది మరీ అబద్ధం కాదు. నాకు నచ్చింది. కళ్ళద్దాలు లేకుండా మా పిన్ని అందులో మనవరాలి ముఖం చూసి, పళ్ళ సందు కూడా కనిపిస్తోందే అంది. స్పీకరు జల్లెడ తెరకి పై అంచున, ఫోను ముఖం మీదే, వెడల్పుగా ఉంది. సంతలో పక్కవాడు బాకా ఊదుతున్నా మాట వినిపించింది. అదే చెప్పాను. ఈసారి ఫోను ఆలస్యంగా అందిన లింబర్ట్ ఏమన్నాడు? జేబులో పట్టదు అన్నాడు. మగాళ్ళ ప్యాంటు జేబుతోనే లోకాన్ని కొలుస్తాడు వాడు. నా పొలెరా లోపలి జేబులో అలాంటివి రెండు పడతాయి. సరే, అది వాడి జేబు, వాడి ఇష్టం. కానీ తర్వాత పాట పెట్టి వినిపించాడు. దుప్పటి కింద నుంచి ఎవరో మూలుగుతున్నట్టు వచ్చింది శబ్దం. "ఇది విని కూడా బాగుందన్నవాళ్ళున్నారు. వాళ్ళ చేతులు ఎవరు తడిపారో మరి," అన్నాడు నవ్వుతూ. పేరు చెప్పలేదు. ఆ ఫోను బాగుందన్నది నేనొక్కదాన్నే.

ఆ రోజు నా కొట్టు ముందు ఎవరూ ఆగలేదు. ఆగినవాళ్ళు కూడా కవరు కోసం కాదు, నా ముఖం చూడటానికి. ఎప్పుడూ నన్నడిగి ఫోను కొనే ఉల్లిపాయల ఎవాంజెలినా కూడా తల దించుకుని పోయింది. పిలిచాను.

"ఏమ్మా, పలకరించకుండా పోతున్నావు?"

"ఏం లేదక్కా. నీ మాట మీద కొందామనుకున్నా. ఇప్పుడు ఎవర్ని అడగాలో తెలీడం లేదు," అంది.

తిట్టినా బాగుండేది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. ఫోను తీసి, అందరూ చూస్తుండగానే వీడియో పెట్టాను. "లింబర్ట్ బాబూ, నా చేతులు తడిశాయో ఎండిపోయాయో ఆదివారం సంతలో తేల్చుకుందాం. నీ వారా తెచ్చుకో, నా వారా నేను తెస్తా. వినేది జనం. నేను తప్పని తేలితే ఇంకెప్పుడూ ఏ ఫోను మీదా నోరు విప్పను," అన్నాను. అనేశాక గానీ తట్టలేదు. ఆ వీడియోలు ఆపేస్తే నేనెవర్ని? కవర్లు అమ్మేవాళ్ళు సంతలో వీధికి వందమంది.

ఆదివారం వాడు వచ్చాడు. ఇద్దరు కెమెరావాళ్ళు, పెద్ద దీపం, వెనకాలే వాళ్ళమ్మ, మర్యాదకి అందరూ దోన్యా అనే సాతుర్నీనా. నాలాగే పొలెరా కట్టిన మనిషి, చంకలో అల్లిక సంచి. కొడుకు గొడవకి వెళ్తున్నాడని కాదు, పెళ్ళికి వెళ్తున్నాడన్నట్టు ముస్తాబై వచ్చింది. ఫోను తెప్పించే కంపెనీ మనిషి దోన్ ఎవారిస్తో కూడా సూటు వేసుకుని ఓ మూల నిలబడ్డాడు. జనం ఎంత మూగారంటే, వీధిలోకి రావాల్సిన మినీబస్సు హారను కొట్టి కొట్టి వెనక్కి తిరిగిపోయింది.

"ముందు నీది," అన్నాను.

బాజాల పాట పెట్టాడు. అదే మూలుగు. జనం 'అబ్బే' అన్నారు. నేను అదే పాట నా ఫోనులో పెట్టాను. బాకాలు, డప్పులు ఖంగుమని మోగాయి. వెనక వరసలో ఎవరో ముసలాయన అడుగు కూడా వేశాడు. గెలిచాననుకున్నాను.

లింబర్ట్ చప్పట్లు కొట్టాడు. "బాగుంది అక్కా, చాలా బాగుంది. ఇప్పుడర్థమైంది," అని కెమెరా వైపు తిరిగాడు. "చూశారుగా. ఒకే ఫోను, ఒకే పాట. పొగిడేవాళ్ళకి కంపెనీ ఏరి ఏరి మేలురకం పంపిస్తుంది. మనం కొనుక్కునేది నా చేతిలో ఉన్నదే. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు."

అంతే, గాలి తిరిగిపోయింది. 'అదీ సంగతి' అన్నారెవరో. కసిమీరా అపి గరిటె పట్టుకుని ముందు వరసలోనే ఉంది, నా వైపు చూడలేదు. వాడన్నది అబద్ధమని నేను మాత్రం ఎలా చెప్పగలను? కంపెనీ మనసులో ఏముందో నాకేం తెలుసు? దోన్ ఎవారిస్తో వైపు చూశాను. అలాంటిదేం లేదని తల అడ్డంగా ఊపాడు గానీ, ఆ మనిషి తల ఊపితే నమ్మేదెవరు?

"అయితే మూడోది తెప్పిద్దాం," అన్నాను. "సీలు విప్పనిది. కొట్టు నువ్వే చూపించు. కొనేదీ నువ్వే. నేను ముట్టుకోను."

ఇంతమంది ముందు కాదంటే పరువేం కావాలి? తనే వీధి చివరి దాకా నడిచి, నాకు ముఖపరిచయం కూడా లేని ఒక కొట్లో డబ్బా కొనుక్కొచ్చాడు. సీలు కెమెరాకి చూపించి విప్పాడు. పాట పెట్టాడు.

ఖంగుమంది. నాదాని కంటే గట్టిగానే మోగిందేమో.

జనంలో కేక లేచింది. లింబర్ట్ ఒక చేతిలో మోగే ఫోను, ఇంకో చేతిలో మూలిగే ఫోను పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. వాడి ముఖం చూస్తే జాలేసింది. మోసం చేసినవాడి ముఖం కాదది. నిజంగానే అర్థం కాక నిలబడ్డాడు.

అప్పుడు దోన్యా సాతుర్నీనా ముందుకొచ్చింది. "ఇటివ్వరా నాయనా. కొత్త వస్తువుని అలా ఉత్తినే వాడేస్తారా ఎవరైనా? చాల్యా చెయ్యాలి కదూ," అంది.

మా దగ్గర కొత్త ఇల్లైనా, కారైనా, కుట్టుమిషనైనా ముందు భూమాత పచామామ తాగాలి, ఆ తర్వాతే మనం; అదే చాల్యా. ఆవిడ సంచిలోంచి బీరు సీసా తీసింది. నేల మీద నాలుగు చుక్కలు వంపింది. అక్కడితో ఆగలేదు. పాట మోగుతున్న ఫోనుని ఎడమచేత్తో పట్టుకుని, పసిబిడ్డకి తలంటినట్టు దాని నెత్తి మీద ధారగా పోసింది. గుప్పెడు రంగు కాగితపు ముక్కలు చల్లింది. అరచేత్తో ముఖమంతా ప్రేమగా రుద్దింది, ఆ వెడల్పాటి జల్లెడ మీద కూడా.

బాకాలు ముక్కు దిబ్బడేసినట్టు మూలిగాయి. డప్పులు చచ్చిపోయాయి.

సంత సంతంతా మెడలు చాచి చూసింది. ఆవిడ మాత్రం తృప్తిగా కొడుకు చేతికిచ్చింది. "ఇదిగో, ఇప్పుడు కలిసొస్తుంది. మొన్నటిదానికి కూడా నేనే చేశాను, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. డబ్బాలో మళ్ళీ నీటుగా సర్దేశా. నీకొచ్చే ప్రతి ఫోనుకీ చేస్తాను కదరా."

ఇంక చూడండి నవ్వులు. ముసలాయన నవ్వి నవ్వి కూలబడ్డాడు. కెమెరావాళ్ళిద్దరూ పొట్టలు పట్టుకున్నారు. లింబర్ట్ తన పాత ఫోను పైకెత్తి జల్లెడలోకి చూశాడు. గోటితో గీకితే గులాబిరంగు కాగితం ముద్ద వచ్చింది. ఇన్నేళ్ళుగా వచ్చిన ఫోన్లకి జల్లెడలు అడుగున, సన్నగా ఉండేవి. బీరు కారిపోయేది. దీనికేమో నోరు ఆకాశం వైపు తెరిచి ఉంది.

ఆవిడకి నవ్వులెందుకో అర్థం కాలేదు. "ఏంట్రా, నేనేమైనా తప్పు చేశానా?" అంది చిన్న గొంతుతో.

ఆ గొంతు నేను తట్టుకోలేకపోయాను. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. కొడుకు బాగుండాలని చేశావు," అని, జనం వైపు తిరిగి, "ఈవిణ్ణి చూసి నవ్వినవాళ్ళు నా కొట్టుకి రావద్దు," అన్నాను. నవ్వులు సర్దుకున్నాయి.

లింబర్ట్ కెమెరా ఆపేస్తాడనుకున్నాను, ఆపలేదు. మెచ్చుకోవాలి వాణ్ణి. "నా తొలి చూపు తప్పు," అన్నాడు. "ఒక్క మెతుకు పట్టి చూశాను, దాని మీద ఏం పోశారో చూసుకోలేదు. జెనోబియా అక్క చేతులు పొడిగానే ఉన్నాయి. ఆ మాటన్నందుకు క్షమించు అక్కా."

ఈలలు, చప్పట్లు. నా కొట్టు మీదున్న పంచరంగుల గొడుగు ఎవరో ఊపేస్తున్నారు. దోన్ ఎవారిస్తో సూటు సర్దుకుని నా పక్కకి చేరాడు, పండగొచ్చిన ముఖంతో. "దోన్యా జెనోబియా, ఇప్పుడు రెండు మాటలు. ఈ ఏటి మేటి ఫోను ఇదేనని చెప్పేయండి చాలు," అన్నాడు చెవిలో.

కెమెరాలన్నీ నా వైపు తిరిగాయి. నా ఫోను చూసుకున్నాను. దీనికి చాల్యా నేనూ చేశాను, కానీ డబ్బా మీద చేశాను, తిరిగి ఇచ్చేసే వస్తువని. ధూళిలో పెట్టాను, ఎండలో పెట్టాను. మా వాళ్ళందరూ ఫోను కొన్న రోజే చేసే పని మాత్రం చేసి చూడలేదు.

"తెర బాగుంది," అన్నాను. "శబ్దం బాగుంది, మీరే విన్నారు. కానీ దీనికో లోపముంది. ఇది బీరు తాగలేదు. ఈ ఊళ్ళో అమ్మే ఫోనుకి అది చిన్న లోపం కాదు. జల్లెడ పైన పెట్టినవాడు మన అమ్మల్ని అడక్కుండా పెట్టాడు. నేను కూడా ఆ పరీక్ష చెయ్యకుండానే బాగుందని చెప్పాను, ఇవాళ సరిదిద్దుకుంటున్నాను. దాన్ని మార్చి తెస్తే మేటి అంటాను. అప్పటిదాకా బాగుంది అంతే. కొనుక్కునేవాళ్ళు చాల్యా డబ్బా మీద చేసుకోండి."

దోన్ ఎవారిస్తో ముఖం ఆరిన అపిలా బిగుసుకుపోయింది. "ఇదెందుకండీ ఇప్పుడు? గెలిచారుగా," అన్నాడు.

జనం ఏమంటారో అని చూశాను. ఎవాంజెలినా ఉల్లిపాయల మూట దించి, జనాన్ని తోసుకుంటూ వచ్చి లింబర్ట్ కొన్న కొట్టు ఎటో అడిగింది.

"లోపముందని చెప్పాగా, విన్నావా?" అన్నాను.

"విన్నా అక్కా," అంది. "అందుకే కొంటున్నా."