గంట నెత్తిన సున్నపు వలయం

కొండలు కదలవన్నది ప్రభుత్వ విశ్వాసం; కదిలితే ఏ ఫారంలో నమోదు చేయాలో అప్పటికింకా నిర్ణయం కాలేదు. బెజవాడలో ఈ విశ్వాసానికి ప్రధాన సంరక్షకులు భూపరిశీలన అధికారి సంజీవరావు గారు.

మొగల్రాజపురం కొండ పాదాన ఉన్న నూటపదేళ్ల చర్చిని కాపాడ సంకల్పించి, నాలుగేళ్ల క్రితం ఆయన దానికి పైన వాలులో నిలిచిన ఏనుగంత బండమీద, అది కదిలితే తెలిసేలా, గంటగోపురానికి సరిగ్గా ఎగువన సున్నంతో ఒక వలయం గీయించారు. గన్నవరం నుంచి విమానం లేచి ఫొటోలు తీసింది. మళ్లీ డెబ్బై ఏడు జనవరిలో తీసింది. ఆ ఫొటోలను స్టీరియోస్కోపు అనే జంట కటకాల కింద పెడితే కొండ కాగితం మీదనుంచి లేచి నిలబడుతుంది. వలయం గంటగోపురానికి మునుపటి దిక్కునే, మునుపటి దూరంలోనే ఉంది. “బండ నిశ్చలము. చర్చికి అపాయము లేదు” అని సంజీవరావు గారు సంతకం చేశారు. అదే ఏడు నవంబరు ఉప్పెన తరువాత దివిసీమ నుంచి తెచ్చిన ఎనభై మందిని ఆ సంతకం బలంమీదే చర్చిలో ఉంచారు.

వాన మళ్లీ పట్టుకున్న మూడో రోజున ఆయన పరామర్శకు విచ్చేశారు. గంట కొట్టే ఆమోసు గొడుగుతో ఎదురొచ్చాడు.

“వలయం భేషుగ్గా ఉందే, ఆమోసూ!”

“ఏటా క్రిస్మస్‌కి గోడలతోపాటు దానికీ సున్నం కొడుతున్నానండీ. అది గంట నెత్తిన ఉండకుండా తూర్పుకి పోతా ఉంటది గదండీ, తుడిచేసి మళ్లీ గంట నెత్తినే గీస్తున్నా. తమరు పెట్టిన చోటు చెడిపోకూడదు గదా.”

గొడుగు కిందే సంజీవరావు గారి వెన్ను తడిసింది.

“ఎంత పోతుంది?”

“మొదటేడు జానెడండీ. తరవాత మూరెడు. పోయినేడు బారెడు.”

“ఇప్పుడు?”

“నిన్న పొద్దున చూస్తే ఇంకో బారెడు. వాన తెరిపిచ్చాక గీద్దామని ఆగానండీ.”

చర్చి తూర్పు కొసన, ఊళ్లో లేని పాదిరిగారి గదిలోకి పరుగెత్తి ఆయన ఫొటోల సంచి విప్పారు. జనవరి ఫొటోలను కటకాల కింద పెట్టారు. ఇన్నాళ్లూ వలయాన్ని చూశారే గాని బండను చూడలేదు. ఇప్పుడు చూశారు. బండ వెనక, పాత ఫొటోలో లేని నల్లని గీత. అది నీడ. నేల నోరు తెరిస్తే పడే నీడ.

సొంత సంతకాన్ని ఖండించాలంటే సవరణ నివేదిక మూడు ప్రతుల్లో రాయాలి, పైవారి అనుమతి పొందాలి. ఆ మహాయజ్ఞాన్ని ఎక్కడ ఆరంభించాలా అని ఆయన కలం తీశారు. అప్పుడు పైకప్పు పెంకులమీద గులకరాళ్లు రాలాయి. రేగుపళ్లు రాలినంత చిన్న చప్పుడు. ఆగింది. మళ్లీ రాలాయి.

కలం బల్లమీదే వదిలి, చాపలమీద కూర్చున్న జనం ముందుకు వచ్చి నిలబడ్డారు.

“లేవండి. కొండ జారుతోంది. నేను... నేను రాసింది తప్పు.”

ఉప్పెనలో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న దానమ్మ అందరికన్నా ముందు లేచింది.

“మొన్న సముద్రం వత్తందంటే నవ్వాం బాబుగారూ. ఇయ్యాల కొండ వత్తందన్నా నమ్ముతాం.” పక్కామెను కసిరింది. “చాప చుడతావేంటే, నీ చాపకి ఏడ్చినట్టే ఉంది! నడు!”

రోడ్డవతలకు చేరాక దానమ్మ ఒక్కొక్కరి భుజం తడుతూ లెక్కపెట్టింది. ఎనభై. ఆమోసుతో ఎనభై ఒకటి.

“అయ్యగారూ,” అన్నాడు ఆమోసు మెల్లగా, “పోతందండీ.”

సంజీవరావు గారు కటకాలు లేకుండా మొదటిసారి పైకి చూశారు. తెల్లని వలయం తొందర లేకుండా తూర్పుకు వెళ్తోంది. తరువాత కిందికి తిరిగింది. తరువాత కనిపించలేదు. కాళ్ల కింద రోడ్డు అదిరింది. గోపురంలో గంట ఎవరూ లాగకుండానే ఒకసారి మోగింది.

దుమ్మును వాన అణిచాక చూస్తే గోపురం ఉంది, ప్రార్థన చేసే హాలు ఉంది. పాదిరిగారి గది లేదు. అపాయము లేదన్న ఫైలు, స్టీరియోస్కోపు, కలం ఆ బండ కిందే ఉన్నాయి.

“దాని వెనకాల ఇంకోటి ఉందండీ,” ఆమోసు వేలు చూపించాడు. “ఇప్పుడే బయటపడింది. దానికెక్కడ గియ్యమంటారు?”

ఆ కొత్త రాయి మీదనుంచి సంజీవరావు గారు చూపు తిప్పలేకపోయారు.

“ఎక్కడైనా గియ్యి. ఎటు పోయినా తుడవకు. నాకొచ్చి చెప్పు.”

దానమ్మ ఆ మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. జనాన్ని ఇంకో వంద అడుగులు వెనక్కి నడిపించి, మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.