బ్లాకు తుడిచిన చీర

నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూడ్డానికి తీరిక లేని మనిషి, ఆ ఆదివారం పొద్దున్నే పెరట్లో పీట వేసుక్కూచుని ఒక ఇనప ముద్దకి తలంటు పోస్తున్నాడు. వేడినీళ్ళు, సబ్బు నురగ, సందుకో బ్రష్షు. అందులో ఒకటి నేను జుట్టుకి రంగు వేసుకునే బ్రష్షు. అడగనైనా అడగలేదు.

ఆయన పేరు నీలకంఠం, నా మొగుడు. స్టీలు ప్లాంటులో మెయింటెనెన్సు పని, దువ్వాడలో సొంతిల్లు. ఆ ఇనప ముద్ద ఆయన పాత ఫియట్ కారు ఇంజను బ్లాకు. అంటే పిస్టన్లూ, పైన హెడ్డూ అన్నీ ఊడదీసేశాక మిగిలే మొండెం. లేతుషాపులో సిలిండర్లు బోరు కొట్టించి, అంటే లోపల నున్నగా చెక్కించి తెచ్చాడు. ఆ బోరు కొట్టినప్పుడు రాలిన ఇనపపొడి రవ్వంత మిగిలినా కొత్త పిస్టన్లని గీరేస్తుందట. అందుకని ఇంజను మళ్ళీ కట్టే ముందు ఈ స్నానం. ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా ఇంట్లో అన్నం దగ్గర ఇంకో మాట ఉండదు.

ఇనుము మీద ఎవరైనా కుళ్ళుకుంటారా అని మీరనొచ్చు. ఇనుము మీద కాదు. హాల్లో గోడకి ఒక పటముంది. యారాడ బీచిలో ఇదే కారు, దాని బానెట్ మీద చెయ్యేసి నవ్వుతూ ఒకావిడ. ఆవిడ సూర్యకళ, ఆయన మొదటి భార్య. జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. ఫొటోలో కారు బంపరుతో సహా మొత్తం పడింది, ఆవిడ మోచెయ్యొకటి బయటికి పోయింది. ఒంటి మీద గంధం రంగు పొందూరు చీర, సన్నటి ఎర్రంచు, చిన్న చిన్న గళ్ళు. ఆ గళ్ళు నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి.

ఎందుకు కనిపించవూ? నేను కొత్త చీర కొంటే ముందుగా ఆ పటం ముందు పెట్టాలి. పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు పెట్టి "అక్కా, కట్టుకో" అని దణ్ణం పెట్టుకున్నాకనే నేను కట్టుకోవాలి. పుణ్యస్త్రీగా పోయింది, పేరంటాలు, మన ఇంటిని చూసుకుంటుంది అంటుంది మా అత్త దేముడమ్మ. పెళ్ళయి నాలుగో ఏడు, ఇంతవరకూ ఒక్క చీరైనా నాకు కొత్తగా దక్కలేదు. అన్నీ ఆవిడ విడిచినవే కడుతున్నట్టుంటుంది. ఆ మాటకొస్తే నా పెళ్ళిలో ఆయన కట్టుకున్న మల్లు పంచె కూడా ఆవిడ పెళ్ళిలో కట్టుకున్నదే. "ఇంకా బాగానే ఉంది గదేటి" అన్నాడు.

ఇక ఆవిడ చీరలు. అవన్నీ అత్త మంచం కింద ట్రంకుపెట్టెలో తాళం వేసి ఉంటాయి. తాళంచెవి అత్త బొడ్లో. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆ పెట్టె తుడవబోతే, "దాని జోలికెల్లకు" అని ఒక్క కసురు కసిరింది. ఆ రోజే అర్థమైంది, ఈ ఇంట్లో నాకు కుర్చీ వేశారు గానీ ఇల్లు ఆవిడదేనని. చచ్చినావిడ మీద ఏడవడం తప్పని నాకూ తెలుసు. తెలిస్తే ఏడుపు ఆగిపోతుందా?

ఇప్పుడు ఆ కారు మళ్ళీ నడవాలని ఆయన కిందామీదా పడుతున్నాడు. ఎవరి కోసం? నన్నెక్కించుకుని యారాడ తీసుకెళ్ళడానికా? ఒక్కసారైనా ఆ మాట ఆయన నోటంట వచ్చిందా? ఆవిడ చెయ్యేసిన కారు గనక బతికించుకుంటున్నాడు. అదీ నా లెక్క. పాపిష్టి లెక్కే గానీ, దాంతోనే నాలుగేళ్ళు గడిపాను.

"కుసుమా! గుడ్డ! మెత్తటి గుడ్డొకటి బేగి తే!" అని పెరట్లోంచి కేక.

వెళ్ళాను. బ్లాకు మీద ఆఖరి చెంబు వేడినీళ్ళు పోసినట్టున్నాడు, ఆవిర్లు కక్కుతోంది.

"మూలన కాటన్ వేస్టుంది కదండీ?"

"దానికి దారాలూడతాయే. ఆయిలెల్లే కన్నాల్లో ఇరుక్కుంటే ఇంజను పోద్ది. నేత గుడ్డైతే దారమూడదు. లేత రంగైతే నలుపు అంటితే కనపడతాది. నీకా లేతపచ్చ నేత చీరుంది సూడు, అది సింపీసి అట్టుకురా."

"అది మాయమ్మ పెట్టిన చీరండీ."

"పాతదే గదేటి! బేగెల్లు! ఈ సముద్రం గాలికి సిటికెలో తుప్పట్టేత్తాది."

నా ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో రెండు రకాల చీరలున్నాయి, ఒకటి తాళం వేసి దాచుకునేది, ఒకటి చింపి ఇంజను తుడుచుకునేది. ఎవరి చీర ఏదో ఇంకా అనుమానముందా? ఆ క్షణాన నాకు ఒక్కటే తోచింది. ఈరోజు తేలిపోవాలి, ఈ ఇంట్లో నేనెవరినో.

అత్త స్నానానికి వెళ్తూ తాళంచెవి మంచం కోడుకి తగిలించింది. పెట్టె లాగి మూత తీశాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. పైనే ఉంది ఆ పొందూరు చీర. పటంలోది. అదే ఎర్రంచు, అవే గళ్ళు. చేతిలోకి తీసుకుంటే పసిపిల్ల బట్టలా మెత్తగా ఉంది. పళ్ళతో అంచు కొరికి సగానికి చింపాను. చర్రుమన్న ఆ చప్పుడు పెరట్లోకి కూడా వినపడే ఉంటుంది. అయినా ఆగలేదు. అరవనీ, కొట్టనీ, పుట్టింటికి పొమ్మననీ. ఆ చీర చూసి ఆయన మొహం ఎలా మారుతుందో నాకు కావాలి.

తీసుకెళ్ళి చేతిలో పెట్టాను.

ఆయన అందుకున్నాడు. నూనెలో ముంచాడు. సిలిండర్లోకి చెయ్యి దూర్చి గుండ్రంగా తిప్పి బయటికి తీశాడు. గంధం రంగు మీద నల్లటి మరక. గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచాడు. ఎండకేసి పట్టి చూశాడు. ఎర్రంచు ఆయన ముక్కుకి బెత్తెడు దూరంలో ఉంది. నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను.

"భలే మెత్తగుందే," అన్నాడు. "ఎక్కడిదిది?"

"పాతది," అన్నాను.

"ఇలాటియ్యి ఇంకుంటే పారేయకు, దాసుంచు. హెడ్డుకి కూడా పనికొత్తాయి."

అని మళ్ళీ సిలిండర్లోకి చెయ్యి పెట్టాడు. హాల్లో రోజూ చూసే పటం. దాని ముందు నిలబడే తల దువ్వుకుంటాడు. పెళ్ళాం ఒంటి మీద చీర ఏదో ఆయనకి తెలీదు. ఈయన ప్రేమ చూసి నేను నాలుగేళ్ళు కుళ్ళి చచ్చాను. ఆ ప్రేమేదీ? పోయినావిడ చీరే గుర్తుపట్టని వాడు, రేపు నేను పోతే నా లేతపచ్చ చీర గుర్తుపడతాడా?

లోపలికొచ్చేసరికి అత్త తడి జుట్టుతో పెట్టె ముందు నిలబడి ఉంది. చేతిలో మిగతా సగం చీర. ఏం జరిగిందో ఆవిడ నన్ను అడగక్కర్లేకపోయింది.

"ఆడు సూసేడా?" అంది.

"చూశాడత్తా. మెత్తగా ఉందన్నాడు. ఇంకుంటే దాచమన్నాడు."

తిడుతుందనుకున్నాను. అత్త మంచం మీద కూచుని ఆ చీర ముక్క ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ పెట్టికి తాళం నీ గురించి ఏసేననుకున్నావేటే?" అంది. "నీ గురించి కాదు. ఆడి గురించి. ఆ సూర్యకళ గుంట బతికినన్నాల్లూ దాని సీరలు ఇలగే సింపీసేడు ఆ కారుకి. ఓరోజు ఏడుసుకుంటా ఒచ్చి, అత్తా, మిగిలినియ్యి నీ మంచం కింద దాసుంచు, ఆరికి దొరకనీకు అంది. దాసేను. అది పోనాది, తాళం అలగే ఉండిపోనాది."

"మరి ఆ పటంలో కారు మీద చెయ్యేసి నవ్వుతోంది కదా?"

"నవ్వుతాదా? సరిగ్గా సూడు. ఎండకి కళ్ళు సికిలించినాది. ఎండలో నిలబడనేనండీ అంటే, కారు బాగా పడతాది, ఉండు అన్నాడు."

హాల్లోకెళ్ళి చూశాను. నిజమే. చికిలించిన కళ్ళు, బిగబట్టిన పళ్ళు. ఎన్నిసార్లు ఆ పటం ముందు నిలబడి ఉంటాను! చీర గళ్ళు చూశాను, అంచు చూశాను, మొహం మాత్రం చూడలేదు. నేను ఇన్నాళ్ళూ ఏడ్చింది తప్పు మనిషి మీద. మా ఇద్దరి సవతీ పెరట్లో పీట పక్కన తలంటు పోయించుకుని కూచుంది.

అత్త చేతిలోంచి ఆ సగం చీర తీసుకుని, మడతపెట్టి పెట్టెలో పెట్టాను. నా లేతపచ్చ చీర తెచ్చి దాని మీద పెట్టాను. అమ్మ పెట్టిన మిగతా నేత చీరలు కూడా తెచ్చి పెట్టాను. అత్త తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టింది. బొడ్లో దోపుకున్నాను.

"కుసుమా! ఇందాకటి గుడ్డలాటిది ఇంకోటుందేటి?" మళ్ళీ కేక.

"ఉందండీ, తెత్తన్నాను!" అని అరిచాను.

బీరువా తెరిచి మల్లు పంచె తీశాను. తెల్లగా, మెత్తగా, దారమూడని నేత. రెండు పెళ్ళిళ్ళు చూసిన పంచె. కొస పళ్ళతో కొరికాను గానీ, ఎంత లాగినా చిరగలేదు.

అత్త లేచొచ్చి రెండో కొస పట్టుకుంది.