ల్యూకో అంటే తెలుపు

ఉద్యానవనంలో మొక్కల పక్కన పాతే పేర్ల పలకలు రాయడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తోంది కాబట్టి తోటవాళ్లంతా ఆమెను పలకలమ్మ అనేవారు. అక్షరం పొల్లుపోకూడదని ఒక్కో పేరునూ విడదీసి నేర్చుకుంది. ల్యూకాంథిమం అంటే తెల్లపువ్వు. గ్రీకులో ల్యూకో తెలుపు, ఆంథోస్ పువ్వు. మొక్కల కణాలు చూసే గదికి 'సైటాలజీ' అని పలక రాసిందీ ఆమే. సైటో అంటే కణమని అప్పుడే తెలిసింది.

ఆమె తమ్ముడు బస్సు డ్రైవరు. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆమే. ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే ఇల్లు. డిపోలో ఏటా చేసే రక్తపరీక్ష కాగితం శనివారం సాయంత్రం తెచ్చి బల్ల మీద పడేశాడు.

"సోమవారం డాక్టర్ని కలవమన్నారక్కా. ఏదో రాశారు, నాకు నోరు తిరగట్లేదు."

ల్యూకోసైటోసిస్. ఆమెకు నోరు తిరిగింది. ల్యూకో తెలుపు, సైటో కణం, చివర ఓసిస్ చేరితే ఎక్కువవడం. తెల్లకణాలు పెరిగాయన్నమాట. వీధి చివరి టైలరుకూ ఇలాగే తెల్లకణాలు పెరిగి, రక్త క్యాన్సరుతో పోయాడు.

"ఏం లేదులే, మామూలే" అంది.

ఆదివారం వాడి చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది. కిటికీ దగ్గరి తన కుర్చీ వాడికిచ్చింది. తడి తువ్వాలు మంచం మీద పడేసినా పల్లెత్తు మాటనలేదు.

"ఏంటక్కా, పొద్దుట్నుంచీ ఒక్క తిట్టూ లేదు? నేనేమైనా పోతున్నానా?"

ఆమె భోరుమంది. అంతా చెప్పేసింది. వాడు ఆమె పక్కనే నేల మీద కూలబడి, "సరే, రేపు నువ్వూ రా" అన్నాడు.

డాక్టరమ్మ కాగితం చూసి, వాణ్ని నోరు తెరవమంది. కింది దవడ నొక్కగానే వాడు కెవ్వుమన్నాడు.

"ఎన్నాళ్లుగా ఇది?"

"మూడు వారాలండీ. పన్ను పీకేస్తారని చెప్పలేదు."

"చీము పట్టింది. దాంతో పోరాడ్డానికే ఒంట్లో తెల్లకణాలు పెరిగాయి. మిగతావన్నీ బాగున్నాయి. పన్ను తీయించుకో, పది రోజులాగి మళ్లీ రక్తం చూద్దాం."

"ఆ మాట నేను విడదీసి చదివానండీ..." అంది అక్క, తల దించుకుని.

"సరిగ్గానే చదివావమ్మా. పెరిగాయని చెప్తుందది. ఎందుకు పెరిగాయో చెప్పదు."

బయటికి రాగానే ఆమె వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "మూడు వారాలు పంటినొప్పి దాస్తావట్రా, వెధవా!"

"నువ్వు నా చావునే దాచేశావుగా!"

ఇద్దరూ గోడకు జారబడి నవ్వుతుంటే, వరుసలో కూర్చున్నవాళ్లు వింతగా చూశారు.

పన్ను తీయించేటప్పుడు వాడు ఆమె చెయ్యి వదల్లేదు. పది రోజుల తర్వాత తెల్లకణాల లెక్క మామూలుకొచ్చింది. ఆ మధ్యాహ్నం వాడు డ్యూటీ ఎక్కితే, ఆమె తోటకు సెలవు పెట్టి వాడి బస్సే ఎక్కింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా వెళ్లింది. వాడు ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ నీకేం పనక్కా?"

"ఏం లేదు. వెనక్కి పోనీ" అంది.