ఎర్రదీపం

మోకాళ్ల మీద కూర్చుని, పట్టాల అతుకుల్లో పేరుకున్న ఇనుపరజను బ్రష్‌తో దులుపుతున్నాడు సిగ్నల్ మెకానిక్. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. పట్టాల్లో సన్నగా కరెంటు పారుతుంటుంది. బండి చక్రాలు అడ్డొస్తే అది సిగ్నల్ గదిలోని రిలే అనే స్విచ్చుకి అందదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా అంతే. దానికి అబద్ధం చేతకాదు. ఆ విద్య ఆఫీసు కుర్చీలకే తెలుసని ఆయన కసి. తోటివాళ్లు ఆయనకి ఎర్రదీపమని పేరు పెట్టారు.

ఆ పొద్దున బండి లేకుండానే సిగ్నల్ ఎర్రబడింది. రజను వల్లేమోనని దులిపినా మారలేదు. గదిలో ఫోన్ మోగింది.

"ఎక్స్‌ప్రెస్ నిలబడిపోయింది. రిలేకి తీగ పెట్టి, పచ్చదీపం వెలిగించి పంపించవయ్యా," అన్నాడు ఇంజనీరు.

"పట్టా నడిచి చూడాలి సార్. విరిగుంటే?"

"అంత టైము లేదు."

"అయితే రాసివ్వండి."

ఇంజనీరు మాట దాటేశాడు. మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్ల కిందట ఇదే గొంతు, 'అక్కడ ఏ బండీ లేదు, తీగ పెట్టు' అంది. పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. ముందు ఆగి ఉన్న ఇంజన్ని బండి గుద్దింది, అందులో ఆయన బావమరిది ఉన్నాడు. విచారణలో నేరం ఈయన నెత్తిన పడింది, ప్రమోషన్ ఆ గొంతుకి దక్కింది. భార్య ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. ఆ తీగముక్కని రోజూ కంటపడేలా గదిలో మేకుకి తగిలించుకున్నాడు.

"తాళం ఇచ్చేసి ఇంటికి పో. ఇంక రానక్కర్లేదు," అన్నాడు ఇంజనీరు ఫోన్లో.

తాళం తీసుకోవాల్సిన పక్క స్టేషన్ మెకానిక్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ముందే పంపించారన్నమాట!

"పిల్లలున్నవాణ్ణి అన్నా," అన్నాడతను తల దించుకుని.

"మా బావమరిదికీ ఉన్నార్రా!" మేకునున్న తీగ లాగి బల్ల మీద కొట్టాడు. "వాణ్ణి చంపిన తీగ ఇదే. పెట్టదలిస్తే దీన్నే పెట్టు."

టిఫిన్ డబ్బా తీసుకుని బయటపడ్డాడు. ఇంటికి పొమ్మన్నారుగా, ఇంటికి దారి పట్టా వెంబడే. ఇంజనీరుని బండబూతులు తిడుతూ, చూపు మాత్రం పట్టా మీంచి తిప్పకుండా నడిచాడు. రెండొందల అడుగులు వేశాక ఆగాడు. పట్టా తెగి ఉంది, వేలు దూరేంత.

ఉద్యోగం తిరిగి రాదు. ఆలస్యానికి కారకుడని కూడా రాస్తారు, ఆ సంగతీ తెలుసు. వెనక్కి తిరిగి చూశాడు. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. పక్క స్టేషన్ మెకానిక్ సుత్తి పట్టుకుని, పట్టా చూసుకుంటూ ఇటే వస్తున్నాడు.

ఖాళీ గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. దాని పక్కన, బల్ల మీద, తీగముక్క పడేసినచోటే పడి ఉంది.