ఉతికిన చొక్కా

"దీన్నెవరు ఉతకమన్నారు నిన్ను?" అన్నాడు నెవిల్, మ్యూజియం నుంచి వచ్చిన అమ్మాయి ముందే.

అతని భార్య గ్లెనిస్ టీ ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల మీద చిరుగుల చొక్కా పరిచి ఉంది. నలభై ఏళ్ళ కిందట మాంచెస్టర్‌ను ఊపేసిన పంక్ రాక్ సంగీత బృందం ‘డ్రెయిన్స్’లో పాడేటప్పుడు నెవిల్ వేసుకున్న చొక్కా. దాన్ని ప్రదర్శనకు తీసుకెళ్ళడానికే ఇమొజెన్ వచ్చింది.

"మరకలుంటే ఇంకా బాగుండేదండీ," అంది ఆ పిల్ల నొచ్చుకుంటూ.

మరకలట! అభిమానం ముదిరితే కుర్రాళ్ళు వేదిక మీదికి ఉమ్మేసే రోజులవి. ఇంటికి రాగానే నెవిల్ చొక్కా సింకులో పడేసి పడుకునేవాడు. గ్లెనిస్ ముక్కు బిగబట్టి రుద్దేది, తన చొక్కాతో కలిపి. అతని వెనక డ్రమ్స్ వాయించింది ఆమే మరి. ఉమ్ము ఇద్దరి మీదా పడేది, ఉతుకుడు ఒక్కరికే పడేది. మొదటి రికార్డు పూర్తయ్యాక ఆమె పొట్ట కనబడింది. "పంక్ బృందంలో కడుపుతో ఉన్న ఆడదేమిటి గ్లెన్, జనం నవ్వరూ?" అని నెవిల్ ఆ పీట మీద డెరిక్‌ను కూర్చోబెట్టాడు. రికార్డు అట్ట మీద ఫొటో డెరిక్‌ది, లోపలి దరువు గ్లెనిస్‌ది. డెరిక్ పోయి చాలా కాలమైంది. "ఈసారి నీ పేరు చెబుతాలే," అని నెవిల్ నిన్న కూడా అన్నాడు.

ఇమొజెన్ ప్రదర్శనలో పెట్టే వివరం చదివింది. "డ్రమ్స్, డెరిక్."

గ్లెనిస్ భర్త వైపు చూసింది. అతను బిస్కట్టు టీలో ముంచుకుంటున్నాడు.

"అది వాయించింది నేను," అంది.

"ఇంట్లో సాధన చేసేదిలే అమ్మా," నవ్వాడు నెవిల్. "పెద్దదైపోయింది, అన్నీ కలిపేసుకుంటోంది."

గ్లెనిస్ రెండు చెంచాలు అందుకుంది. కీళ్ళు సలుపుతున్నా బల్ల అంచు మీద ఆ రికార్డులోని దరువు మొదలుపెట్టింది. మూడు దెబ్బలు, కావాలని ఒక తడబాటు, ఆ తర్వాత ఉరుకు. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఇమొజెన్ చప్పట్లు కొట్టింది. "అబ్బ, భలే నేర్చుకున్నారండీ! మా తమ్ముడూ అచ్చం ఇలాగే వాయిస్తాడు. డ్రమ్స్ పట్టుకున్న ప్రతివాడూ ముందు ఇదేగా నేర్చుకునేది!"

గ్లెనిస్ చెంచాలు కింద పెట్టేసింది. లోకమంతా వాయిస్తున్నదాన్ని తనదని ఎలా రుజువు చేయాలి?

ఆమె మొహం చూసి ఇమొజెన్‌కు జాలేసింది. "పోనీ, చొక్కా ఉతికి, భద్రపరిచింది మీరేనని పేరు వేయమంటారా?"

"వద్దు," అంది గ్లెనిస్. "దానికైతే నా పేరు వద్దు."

నెవిల్ ఆమె భుజం తట్టాడు. "మా ఆవిడకి మొదట్నుంచీ పేరంటే పడదమ్మా."

ఆ మాట ఇమొజెన్ శ్రద్ధగా రాసుకుంది.