మైకమ్మ మాట

"ఇరవై మూడో నంబరు వారు నాలుగో గదికి రావాలి" అని రెండుసార్లు చెప్పి, మైకు స్విచ్చిని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కింది మైకమ్మ. ఆ స్విచ్చి వదులైపోయి ఏడాది దాటింది. గట్టిగా నొక్కకపోతే మైకు ఆగదు. బాగుచేయించమని ఆమె మూడుసార్లు రాసిచ్చింది. ఆస్పత్రిలో రాసిచ్చినవన్నీ బాగుపడేటట్టయితే ఇక రోగులెందుకుంటారు?

ఆమెకు అసలు పేరొకటి ఉంది గాని, ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గాజు గదిలో కూర్చుని నంబర్లు పిలుస్తుండడంతో అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పలచటి మనిషి. ముందువైపు జుట్టంతా నెరిసిపోయింది. పది నంబర్లకోసారి ఫ్లాస్కులోంచి ఒక గుక్క వేడినీళ్లు తాగుతుంది. మెడ నొప్పీ, మోకాళ్ల నొప్పీ వచ్చాయి గాని, గొంతు మాత్రం ఇంకా పాతికేళ్ల పిల్లదే.

ఆ గొంతుకు ఊరు లేదు. ఆమె గొప్పంతా అదే. కొండలకు అవతల పుట్టిందామె. వాళ్ల వైపు మాటను చివర సాగదీసి, కాస్త పైకెత్తి వదులుతారు. ఉన్నమాట చెప్పినా అడిగినట్టే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆమె నంబరు పిలిస్తే, "నన్నడిగితే నాకేం తెలుసమ్మా" అన్నాడొక పెద్దమనిషి. హాలంతా గొల్లుమంది. అప్పటి సూపర్‌వైజరు ఆరు నెలలపాటు సాయంత్రాలు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాత పేపర్లు చదివించాడు. వాక్యం అయ్యేచోట స్కేలుతో బల్ల మీద కొట్టి, "ఇక్కడ తెంపు" అనేవాడు. ఆమె తెంపింది. ఎంత బాగా తెంపిందంటే, ఇంట్లో పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు కూడా ఆ తెగిన మాటే వచ్చేది. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఈమెకు నోరు బాగుపడి ఊరే పోయింది.

తొమ్మిది రోజులుగా ఆమె తల్లి పైన రెండో అంతస్తులో, ఆడవాళ్ల వార్డులో ఉంది. ఎనభై రెండేళ్ల మనిషి. గుండె నీరసించింది, జ్ఞాపకమూ దాని వెంటే పోతోంది. కళ్లు ఆనవు. మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకుంటోంది.

ఈ పొద్దున కూడా డ్యూటీ ఎక్కేముందు మైకమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, నేనే. రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టిందండీ" అంది తల్లి. "మా అమ్మాయి ఇక్కడే ఎక్కడో పనిచేస్తుందట. కనపడితే ఒకసారి రమ్మని చెప్తారా?"

కన్నతల్లి చేత 'అండీ' అనిపించుకోవడం కంటే చెంపదెబ్బ నయం. మైకమ్మ అటూ ఇటూ చూసి, పక్క మంచాలవాళ్లు వినకుండా వంగి, పాత మాట తెచ్చుకుని పలికింది. సాగదీయాల్సిన చోట సాగదీసింది, ఎత్తాల్సిన చోట ఎత్తింది. అది అచ్చం నాటకంలో వేషగాడి మాటలా ఉందని ఆమె చెవికే తెలిసింది.

తల్లి ముఖం చిన్నబోయింది. "మా మాటను ఎక్కిరిస్తున్నారా? చదువుకున్నవాళ్లు, మీకిది తగదు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మెట్ల దగ్గర డాక్టరు ఆపి, "ఇవాళో రేపో అన్నట్టుంది. మాట్లాడుకునేవి ఉంటే మాట్లాడుకోండి" అన్నాడు. ఏ మాటతో మాట్లాడుకోవాలో చెప్పలేదు. సెలవు అడిగితే, రెండింటికి వేరే మనిషి వస్తుంది, అందాకా కూర్చోమన్నారు.

కూర్చుంది. నంబరుకీ నంబరుకీ మధ్య మైకు ఆపి, గాజు అద్దంలో తన నీడను చూస్తూ, "అమ్మా, తిన్నావా" అని గొణుక్కుంది. కుదరలేదు. మళ్లీ అంది. ఇంకా పాడైంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఏంటక్కా, మంత్రాలు చదువుతున్నావా?" అన్నాడు పక్క కిటికీలో మందులిచ్చే కాంపౌండరు.

"నీ పని నువ్వు చూసుకో."

ఒంటిగంట కావస్తుండగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన గాజు గది ముందున్న వరసలో అందర్నీ దాటుకుంటూ ముందుకొచ్చి నిలబడ్డాడు. అక్కడున్న ముసలామె చీటీ చూపించి, తనదే ముందని చెప్పింది. ఆమెదీ కొండల అవతలి మాటే. ఆయన అదే రాగం తీసి ఆమె మాటను ఆమెకే అప్పజెప్పి, "బాగా పాడావు, నిద్రొస్తోంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అప్పుడే నంబరు పిలవడం ముగించిన మైకమ్మ, స్విచ్చి మీద వేలు అలా ఆనించి వదిలేసి లేచి నిలబడింది.

"ఏమయ్యా, ఆమె పొద్దున ఆరింటికి వచ్చి కూర్చుంది. నీ ఇస్త్రీ చూసి డాక్టరు నాడి పట్టడు, పో, వెనక్కి పో. మా మాట వినలేకపోతే రేపట్నుంచి చెవులు ఇంట్లో పెట్టి రా."

తన గొంతు మూడు అంతస్తుల స్పీకర్లలోంచీ తిరిగి వినిపించాక గాని, మైకు ఆగలేదని ఆమెకు తెలియలేదు. ప్రతి మాటా చివర సాగి, పైకి లేచి, కొండల మీదుగా వచ్చినట్టే వచ్చింది. ఆమె రెండు చేతులతో స్విచ్చిని నొక్కేసింది. ఇస్త్రీ చొక్కా తలదించుకుని వరస చివరికి నడిచింది.

"అక్కా, నువ్వు అటువైపుదానివా? ఇన్నేళ్లూ చెప్పనేలేదు" అన్నాడు కాంపౌండరు.

ఆమె ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క వేడినీళ్లు తాగింది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్లు కట్టుకున్నది ఒక్క నిమిషంలో కూలిందనుకుంది గాని, పైన ఇంకెవరు విని ఉంటారన్నది ఆమెకు తట్టనేలేదు. తెగిన గొంతుతోనే మిగతా నంబర్లు పిలిచింది.

రెండింటికి మనిషి రాగానే మెట్లెక్కింది. వార్డు గుమ్మంలో ఆయా ఎదురై, చెయ్యి పట్టుకుంది.

"మీ దగ్గరికే వస్తున్నానమ్మా. ఇప్పుడే డాక్టరుగారు చూసి వెళ్లారు. పెద్దామె వెళ్లిపోయింది."

ఆయా గొంతు తగ్గించి చెప్పింది. "ఇందాక మైకులో ఎవర్నో తిట్టారు కదా. మంచం దిగలేని మనిషి లేచి కూర్చుంది. 'అదిగో మా అమ్మాయి. దానికి చిన్నప్పట్నుంచీ కోపం ముక్కు మీదే' అని వార్డంతా వినేలా నవ్వింది. పని అయ్యాక వస్తుందిలే, కాసేపు కళ్లు మూసుకుంటా, రాగానే లేపమంది. మీరొచ్చే వేళయిందని లేపబోతే..."

ఏడుపు కంటే ముందు మైకమ్మకు కోపమొచ్చింది. ఒంటిగంటకే మెట్లెక్కనందుకు, ఆ ఒక్క గంటా సిగ్గుపడుతూ కూర్చున్నందుకు. మంచం దగ్గరికి వెళ్లి, "అమ్మా, వచ్చాను" అంది. ఆ మాట చివర, ఎప్పటిలాగే, తెగిపోయింది.

మంచానికి ఆనించి ఒక ఇనుప స్టూలు దగ్గరికి లాగి ఉంది. దాని మీద, వేరేవాళ్లెవరూ కూర్చోకుండా, తల్లి తన చేతిరుమాలు పరిచి ఉంచింది.