ఒకే పీడనం, రెండు వాయువులు

ఫరీదాబాద్‌లోని తెలుగు సంఘం హాల్లో వెండి దీపపు కుంది పోయింది. అనుమానం వంటమనిషి కావేరి మీద. దోషి అని తేలితే ఆమెకు పనీ, మేడమీద గదీ రెండూ పోతాయి. తేల్చడానికి కార్యదర్శి రాధాకృష్ణమూర్తి పిలిపించింది పోలీసులను కాదు, శేషగిరిస్వామిని. అనుమానం ఎవరిమీదో ఆయనకు ముందే చెప్పారు.

స్వామి తెచ్చిన, కాషాయ గుడ్డ కప్పిన పెట్టెలోంచి ఒక గొట్టం, అడుగున చెంచాడు నీళ్ళున్న గాజు సీసాలోకి వెళుతుంది. పీడనం చూపే మీటరు ముల్లు ఎర్ర గీతను తాకగానే పరీక్షకు నిలిచినవారు మూత లాగాలి. నిజాయితీపరులైతే లోపల తెల్లని పొగమంచు కమ్ముతుందట. కార్యదర్శికి కమ్మింది. ఆయన భార్య హైమవతికీ కమ్మింది. కావేరి లాగితే సీసా తేటగా ఉండిపోయింది.

"అచ్ఛా! ఇంకేం కావాలి?" అంది హైమవతి. "ముల్లు అందరికీ ఒకే గీత మీద ఆగిందిగా."

"ముల్లు ఒకటే. గాలి ఒకటేనా?" అంటూ లేచాడు సదాశివరావు. ఆయన రిటైరైన ఫిజిక్సు లెక్చరర్.

"దేనికో దానికి అడ్డం పడకపోతే మీకు అన్నం సహించదా మాస్టారూ?" అంది హైమవతి.

సదాశివరావు పెట్టెమీది గుడ్డ లాగేశాడు. లోపల రెండు సిలిండర్లు.

"ఇది వెల్డింగ్ షాపుల్లో వాడే ఆర్గాన్. అది సోడాలో కలిపే కార్బన్ డయాక్సైడ్. మూత తీయగానే వాయువు వ్యాకోచించి చల్లబడుతుంది. తగినంత చల్లబడితేనే ఆవిరి బిందువులవుతుంది. ఒకే పీడనం నుంచి వదిలినా ఆర్గాన్ చల్లబడినంతగా రెండోది చల్లబడదు. కావేరికి స్వామి వదిలింది ఆ రెండోదే."

రెండో సిలిండరు మీట తిప్పి, ముల్లు ఎర్ర గీతకు చేరాక సీసాను స్వామి ముందు పెట్టాడు.

"లాగండి."

"నాస్తికుడు ముట్టిన సీసా నేను ముట్టను."

కార్యదర్శి విసురుగా లాగాడు. మంచు లేదు. తర్వాత ఆర్గాన్ నింపి ఇస్తే కావేరి లాగింది. సీసా తెల్లబడింది.

"ఠీక్ హై, సీసా మోసమే," అన్నాడు కార్యదర్శి. "కుంది ఎవరు తీశారో మీ సైన్సు చెబుతుందా?"

"చెప్పదు. మీకూ తెలియదని మాత్రం తేలింది."

"అయితే అనుమానం అనుమానంగానే ఉంది."

కావేరి సీసాను బల్లమీద పెట్టి, పక్కనే గది తాళంచెవి ఉంచింది.

"మంచు రాకపోతే దొంగనన్నారు. వచ్చినా కాదనడానికి మీకు నోరు రావడం లేదు. ఇంక మీకు వండను."

"తొందరపడకమ్మా," అన్నాడు సదాశివరావు.

"మీరు గెలిచింది సీసా మీద మాస్టారూ, వీళ్ళ మీద కాదు."

ఆమె గుమ్మం దాటుతుండగా హైమవతి కేక వేసింది:

"ఏయ్ కావేరీ, మరి ఈ పూట వడ్డించేదెవరు?"